అక్టోబర్‌లో ఫాఫ్సా (ఫెడరల్ చదువు సాయం దరఖాస్తు) వేశాను, జనవరిలో రిజిస్టర్ మ్యారేజ్ అయింది. ఇప్పుడు మార్చాలా?

సీతాఫలం
నాకు 21. మా మేనత్త స్పాన్సర్ చేస్తే 2019లో అమ్మానాన్నలతో గ్రీన్‌కార్డు మీద టెక్సాస్ వచ్చాను. నాన్న గ్యాస్ స్టేషన్‌లో, అమ్మ స్కూల్ క్యాంటీన్‌లో చేస్తారు. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజ్ అయ్యాక ఇప్పుడు యూనివర్సిటీలో మూడో ఏడాది (జూనియర్). 2025-26కి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం) పూర్తిగా 7,395 డాలర్లు వచ్చింది. అది లేకపోతే నేను ఈ యూనివర్సిటీ గేటు కూడా చూసేదాన్ని కాదు.

2026-27 ఫాఫ్సా అక్టోబర్‌లోనే వేశాను, సింగిల్ అని పెట్టి. అప్పటికి సంబంధం మాటల్లోనే ఉంది. జనవరిలో కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకున్నాం. ఆయన హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నారు. నేను ఐ-130 (భర్త గ్రీన్‌కార్డు కోసం పిటిషన్) ముందుగా వేస్తే ఆయన ఎఫ్2ఏ (గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తల) లైన్‌లో తొందరగా నిలబడతారని పెద్దవాళ్లు తొందరపెట్టారు. అసలు పెళ్లి ఆగస్టులో హైదరాబాద్‌లో.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఇంటిపేరు మార్పించుకుని, ఆ ఊపులో యూనివర్సిటీ రిజిస్ట్రార్ దగ్గర కూడా మార్చేశాను. మూడో రోజు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి మెయిల్. మీ వివరాల్లో తేడా కనిపిస్తోంది, పెళ్లయిందో లేదో చెప్పండి, పేపర్లు అప్‌లోడ్ చేయండి అని. ఆయన జీతం లక్షా ఐదు వేలు. అది లెక్కలోకి వస్తే నా పెల్ పోయినట్టేనా? ఫాఫ్సా నేనే మార్చాలా? రెండు రోజులుగా నిద్ర లేదు.

మిర్చిబజ్జీ
ఇంటిపేరు మార్చినందుకు ఇంటికే ఎసరు. ఇంతకీ ఆయన ఇంటిపేరు అంత బాగుందా?

పెదబాబు_ఫ్రిస్కో
కంగారెందుకమ్మా. పెళ్లయితే నువ్వు ఇండిపెండెంట్ స్టూడెంట్‌వి. తల్లిదండ్రుల ఆదాయం ఇక అడగరు. మా ఫ్రెండ్ వాళ్ల అమ్మాయికి పెళ్లి తర్వాత ఎయిడ్ పెరిగింది. వెంటనే మ్యారీడ్ అని మార్చెయ్, మంచే జరుగుతుంది.

ఎయిడ్‌డెస్క్_తెలుగు
ఆగండాగండి. సీతాఫలం గారూ, ఏమీ మార్చకండి. నేను ఒక కమ్యూనిటీ కాలేజ్ ఎయిడ్ ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను. పెదబాబు గారు చెప్పిన దాంట్లో సగం నిజం, మిగతా సగం ఈ అమ్మాయి కొంప ముంచేది.

పెళ్లయినవాళ్లు ఇండిపెండెంట్ అవుతారు, నిజమే. తల్లిదండ్రుల ఆదాయం పోతుంది, అదీ నిజమే. కానీ దాని స్థానంలో భర్త ఆదాయం వచ్చి కూర్చుంటుంది. ఈమె నాన్నగారిది గ్యాస్ స్టేషన్ జీతం, ఆయనది సాఫ్ట్‌వేర్ జీతం. ఎవరి జీతం తీసి ఎవరిది పెడుతున్నామో చూడండి!

ఇక అసలు సంగతి. ఫాఫ్సాలో పెళ్లి ప్రశ్నకి ఫారం సంతకం పెట్టిన రోజున ఉన్న స్థితే జవాబు. అక్టోబర్‌లో సింగిల్, కాబట్టి సింగిల్ అని పెట్టారు, అది అబద్ధం కాదు. తర్వాత పెళ్లయిందని విద్యార్థి తనంతట తాను మార్చుకోవడానికి రూల్ ఒప్పుకోదు. మార్చే విచక్షణ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి ఉంది. అన్యాయం సరిచేయడానికో, కుటుంబం ఇప్పుడు ఎంత కట్టగలదో సరిగ్గా చూపించడానికో అవసరం అనిపిస్తే వాళ్లు మార్పించవచ్చు. మార్చాలా వద్దా అన్నది వాళ్ల చేతుల్లో ఉంటుంది. అడిగిన పేపర్లు ఇవ్వండి, అడగనివి ఇవ్వకండి.

పెదబాబు_ఫ్రిస్కో
మా ఫ్రెండ్ కూతురికి పెరిగిన మాట మాత్రం నిజం.

ఎయిడ్‌డెస్క్_తెలుగు
మీ ఫ్రెండ్ ఏం చేస్తారు?

పెదబాబు_ఫ్రిస్కో
ఇద్దరూ ఐటీనే.

మిర్చిబజ్జీ
అయిపోయింది, కేసు క్లోజ్. ఐటీ నాన్న లెక్కలోంచి పోతే పెరగక తగ్గుతుందా బాబాయ్?

ఓరుగల్లు_పోరడు
నాకొక డౌట్. ఇంకా తాళి పడలేదు కదా. మనోళ్ల లెక్కల పెండ్లి అంటే ఆగస్టుల అయ్యేదే. జనవరిది ఉత్త కాయితం. సింగిల్ అనే చెప్పొచ్చు కదా?

ఎయిడ్‌డెస్క్_తెలుగు
ఆ ఉత్త కాయితమే వాళ్లకి పెళ్లి. చట్టం ప్రకారం జనవరిలో పెళ్లయింది. ఆగస్టులో జరిగేది మీకూ నాకూ పెళ్లి, ఫాఫ్సాకి విందు. అబద్ధం చెప్పమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి. కావాలని తప్పు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, జైలు కూడా పడొచ్చని ఆ ఫారంలోనే రాసుంటుంది. పైగా ఈమె భర్తకి ఐ-130 వేస్తున్నారు. ఒక ప్రభుత్వ ఫారంలో భార్యనని, ఇంకో దాంట్లో సింగిల్‌నని ఎలా రాస్తారు?

ఓరుగల్లు_పోరడు
సరే అన్నా, సమజైంది. ఉత్తగనే అడిగిన.

అట్లాంటా_అత్త
అదంతా సరేగానీ, జనవరిలో కాయితాలైతే ఆగస్టు దాకా ఎందుకు ఆగారమ్మా? ఫిబ్రవరిలో మంచి ముహూర్తాలున్నాయిగా.

సీతాఫలం
అత్తా, ఆయనకి సెలవు దొరకలేదు, నాకు క్లాసులు. మే మధ్యలో అధిక జ్యేష్ఠం మొదలు. నిజ జ్యేష్ఠంలో చేద్దామంటే నేను పెద్దకూతుర్ని, ఆయన పెద్దకొడుకు, నానమ్మ ససేమిరా అంది. తర్వాత ఆషాఢం. ఇక మిగిలింది శ్రావణమే.

మిర్చిబజ్జీ
పంచాంగం, ఫాఫ్సా రెండూ ఒకే కమిటీ రాసినట్టుంది.

పీహెచ్‌డీ_భార్య
నా కేసు దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. అమ్మానాన్న ఇద్దరూ పెద్ద ఉద్యోగాలు, నాకు ఫెడరల్ గ్రాంట్ ఒక్క డాలర్ రాలేదు. ఇరవై రెండో ఏట పెళ్లి చేసుకున్నాను. మా ఆయన ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీ, స్టైపెండ్ మీద బతుకు. ఆ తర్వాతి ఫాఫ్సాలో నేను ఇండిపెండెంట్ అయ్యాను, పెల్ వచ్చింది. ఆయన వీసా ఏమిటని ఫారం అడగనే లేదు, ఆదాయం అడిగారు, అంతే.

కానీ నాది ప్రైవేట్ కాలేజ్. వాళ్లకి ఫాఫ్సాతో పాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీ సొంత సాయం కోసం వేసే ఫారం) కూడా కావాలి. కాలేజీ సొంత డబ్బు విషయానికొచ్చేసరికి, “చేరాక పెళ్లి చేసుకున్నా మా దృష్టిలో మీరు డిపెండెంటే, తల్లిదండ్రుల వివరాలు పంపండి” అన్నారు. ఫెడరల్ దగ్గర భార్యని, కాలేజీ దగ్గర కూతుర్ని. చాలా ప్రైవేట్ కాలేజీలు ఇలాగే చేస్తాయని తర్వాత తెలిసింది. పెళ్లితో అంతా మారిపోతుందని ఆశపడేవాళ్లు ముందు ఆ కాలేజీ పాలసీ చదవండి.

హెచ్4_అమ్మ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబు హెచ్4 (మా వర్క్ వీసా మీద ఆధారపడ్డ పిల్లల వీసా), 20 నడుస్తోంది, వచ్చే ఏడాది 21 నిండి ఏజ్ అవుట్, ఆ వీసా పోతుంది. క్లాస్‌మేట్ అమ్మాయి సిటిజన్, ఇద్దరికీ ఇష్టమే. పెళ్లి చేస్తే వాడికి కూడా ఫాఫ్సా వస్తుందా?

ఎయిడ్‌డెస్క్_తెలుగు
పెళ్లితో రాదండీ, గ్రీన్‌కార్డు చేతికొస్తే వస్తుంది. రెండేళ్ల కండిషనల్ కార్డైనా పర్వాలేదు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉందన్నంత మాత్రాన ఫెడరల్ ఎయిడ్ ఇవ్వరు. ఇంకో మాట. హెచ్4 పిల్లలకి 21 లోపు, పెళ్లి కాకుండా ఉంటేనే ఆ స్టేటస్. పెళ్లయిన రోజే అది పోతుంది. లాయర్‌తో మాట్లాడకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

అట్లాంటా_అత్త
ఫీజు కోసం పెళ్లేమిటండీ, 20 ఏళ్లకి. ఇష్టమైతే చేయండి, ఫాఫ్సా కోసం వద్దు.

హెచ్4_అమ్మ
ఏజ్ అవుట్ భయం మీకు తెలియదు అత్తగారూ. ఫీజుతో పాటు అది కూడా మెడ మీద కత్తిలా ఉంది.

నైట్‌షిఫ్ట్_నర్స్
నన్ను చావగొట్టిన పాయింట్ ఒకటి చెప్తాను, సీతాఫలానికి ముందు ముందు పనికొస్తుంది. ఫాఫ్సా రెండేళ్ల కిందటి టాక్స్ చూస్తుంది. 2026-27కి 2024ది, 2027-28కి 2025ది. నేను నర్సింగ్ చదివేటప్పుడు ఆగస్టులో పెళ్లయింది, అక్టోబర్‌లో ఫారం వేశాను. ఆ రెండేళ్ల కిందటి సంవత్సరంలో నాకు మా ఆయన ఎవరో కూడా తెలియదు! అయినా ఆ ఏడాది ఆయన సంపాదించిందంతా నా లెక్కలో వేశారు.

అప్పటికి ఆయన ఎంఎస్ కోసం ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరలేదు. నెలనెలా జీతంలో పెద్ద ముక్క అటే పోయేది. ఊళ్లో ఇల్లు తాకట్టులో ఉంది. ఫారంలో ఆ అప్పు రాయడానికి గడే లేదు. నేను ఎయిడ్ ఆఫీసులో కూర్చుని ఇండియా బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు చూపించాను. ఆవిడ ఓపిగ్గా చూసి, రూపాయల అంకెల మీద వేలు పెట్టి, ఇది నెలకా, ఏడాదికా అని అడిగింది. తర్వాత సారీ చెప్పింది.

ఎయిడ్‌డెస్క్_తెలుగు
నర్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం. జీతం కనిపిస్తుంది, మామూలు అప్పులు కనిపించవు. భర్త ఉద్యోగం పోయినా, జీతం బాగా తగ్గినా మాత్రం అప్పీల్ చేసుకోవచ్చు. ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. లేఆఫ్ లెటర్, కొత్త పే స్టబ్‌లు పెట్టండి. చాలామంది అడగకుండానే వదిలేస్తారు.

సీతాఫలం
అంటే 2026-27 గట్టెక్కినా 2027-28లో దొరికిపోతానా? నేను ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మూడు కోర్సుల క్రెడిట్లు ఇక్కడ లెక్కకు రాలేదు. అందుకే నా డిగ్రీ మే 2027లో అవదు, ఫాల్ 2027 సెమిస్టర్ కూడా కావాలి.

ఎయిడ్‌డెస్క్_తెలుగు
అవును. ఆ ఫారం వేసే రోజుకి మీరు పెళ్లయినవారు. ఆయన కంట్రిబ్యూటర్‌గా సొంత స్టూడెంట్ ఎయిడ్ అకౌంట్ తెరిచి, ఐఆర్ఎస్ (ఆదాయపు పన్ను శాఖ) నుంచి టాక్స్ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు లేకపోతే మీకు ఫెడరల్ ఎయిడ్ అసలే రాదు. 24 నిండితే ఇండిపెండెంట్ అనే రూల్ కూడా మీకు అప్పటికి వర్తించదు. వర్తించినా పెళ్లయ్యాక భర్త ఆదాయం తప్పదు.

ఒక్క లాభం ఉంది. లోన్ పరిమితి పెరుగుతుంది. మూడో ఏడాది నుంచి డిపెండెంట్‌కి 7,500, ఇండిపెండెంట్‌కి 12,500. అప్పే అనుకోండి, గ్రాంట్ కాదు.

మిర్చిబజ్జీ
కానుకగా అప్పు. పెళ్లికి ఇంతకంటే ఏం కావాలి.

టాక్స్_తాత
ఒక పొరపాటు చాలామంది చేస్తారు కాబట్టి చెప్తున్నాను. నాన్న టాక్స్‌లో డిపెండెంట్‌గా చూపించడం వేరు, ఫాఫ్సాలో డిపెండెంట్ వేరు. నాన్న చూపించడం మానేసినంత మాత్రాన పిల్ల ఫాఫ్సాలో ఇండిపెండెంట్ అవదు.

సీతాఫలం, 2025 డిసెంబర్ 31కి నువ్వు అవివాహితవి. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌వి, 24 లోపు, మిగతా షరతులు కూడా సరిపోతే ఈ ఏప్రిల్‌లో మీ నాన్నగారు నిన్ను డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు. గ్రాంట్ పోగా చేతి నుంచి కట్టిన ఫీజు, పుస్తకాలు ఉంటే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (చదువు ఖర్చుకి పన్నులో తగ్గింపు) కూడా ఆయన తీసుకోవచ్చు, గరిష్ఠంగా 2,500. వచ్చే ఏడాది నువ్వూ మీ ఆయనా జాయింట్‌గా ఫైల్ చేస్తే నాన్నగారు నిన్ను చూపించలేరు, ఆ క్రెడిట్ మీ ఇద్దరి దగ్గరికి వస్తుంది. మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ (విడివిడిగా) అని వేస్తే మాత్రం ఆ క్రెడిట్ మీ ఇద్దరికీ రాదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య గొడవ రాకుండా ముందే మాట్లాడుకోండి.

అట్లాంటా_అత్త
మా ఇంట్లో సరిగ్గా ఈ గొడవే అయింది. వియ్యంకుడు ఫోన్ చేసి మరీ అడిగాడు. 2,500 కోసం రెండు నెలలు మాటల్లేవు.

ఓరుగల్లు_పోరడు
పెండ్లిల చదివింపులు వస్తయ్ కదా, అవి కూడ ఫాఫ్సాల చూపెట్టాల్నా?

ఎయిడ్‌డెస్క్_తెలుగు
నవ్వులాటకి అడిగారేమో గానీ మంచి ప్రశ్న. ఫారం వేసే రోజుకి బ్యాంకులో ఎంతుంటే అంత రాయాలి. ఆగస్టులో చదివింపులు అకౌంట్‌లో వేసుకుని అక్టోబర్‌లో ఫారం వేస్తే అవి కూడా అందులోనే. ఆదాయం తక్కువున్న కొందరికి ఆస్తుల ప్రశ్నలే రావు, అది వేరే సంగతి. ఒంటి మీద నగలు అడగరు. ఉంటున్న ఇల్లు అడగరు. ఇండియాలో కొని వదిలేసిన ప్లాట్ మాత్రం ఇన్వెస్ట్‌మెంట్ కిందే లెక్క.

మిర్చిబజ్జీ
చదివింపులు తీసుకుని చదివించకుండా ఆపుతున్నారన్నమాట.

పెదబాబు_ఫ్రిస్కో
ఈ పోస్ట్ ఒక్కటి చాలు, థ్రెడ్ లాక్ చేసేయొచ్చు 😄

మా చిన్నదానికి 529 (చదువు పొదుపు ఖాతా) ఉంది, నా పేరు మీద. దానికి పెళ్లయితే అదేమవుతుంది?

ఎయిడ్‌డెస్క్_తెలుగు
మీ పేరు మీదే ఉంటుంది. అమ్మాయి ఇండిపెండెంట్ అయితే మీ ఆస్తులేవీ ఫాఫ్సాలో అడగరు కాబట్టి అది కూడా కనపడదు. ఫీజుకి నిశ్చింతగా వాడుకోవచ్చు.

పీహెచ్‌డీ_భార్య
హెల్త్ ఇన్సూరెన్స్ గురించి కూడా భయపడకు సీతాఫలం. పెళ్లయినా 26 వచ్చేదాకా అమ్మానాన్నల ప్లాన్‌లో ఉండొచ్చు, అది ఉద్యోగం ద్వారా వచ్చిన ప్లానైతే. నేను అనవసరంగా ఆయన యూనివర్సిటీ ప్లాన్‌లోకి మారి డబ్బు తగలేసుకున్నాను.

నైట్‌షిఫ్ట్_నర్స్
మా చెల్లెలు నన్ను చూసి తెలివి తెచ్చుకుంది. రిజిస్ట్రేషన్ సెప్టెంబర్‌లో అనుకున్నది నవంబర్‌కి జరిపి, అక్టోబర్ మొదటి వారంలో ఫాఫ్సా వేసింది. ఆ ఏడాదికి నాన్న ఆదాయమే లెక్కలోకొచ్చింది.

టాక్స్_తాత
అది మోసం కాదా?

నైట్‌షిఫ్ట్_నర్స్
మూఢం చూసి ముహూర్తం జరుపుకుంటే మోసమా తాతగారూ? అక్టోబర్‌లో అది నిజంగానే పెళ్లికానిది. ఉన్నది ఉన్నట్టు రాసింది.

టాక్స్_తాత
చట్టప్రకారం తప్పు లేదు, ఒప్పుకుంటాను. నా మనసుకి మాత్రం నచ్చలేదు. ఆ గ్రాంట్ అవసరమైనవాళ్ల కోసం.

పీహెచ్‌డీ_భార్య
అలా అనుకుంటే, అమ్మానాన్న లక్షలు సంపాదిస్తుంటే నేను తీసుకున్నదీ తప్పే. కానీ వాళ్లు నాకు పెళ్లయ్యాక పైసా ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ ఇంట్లో ఎంతుందని కాదు, నా చేతికి ఎంతొస్తుందని చూడాలి. ఈ ఫారానికి ఆ రెండింటి తేడా తెలీదు.

అట్లాంటా_అత్త
పోట్లాడుకోకండి. ఆ పిల్ల ఏమైందో చెప్పనివ్వండి. ఆఫీసుకి వెళ్లావా తల్లీ?

సీతాఫలం
నిన్న వెళ్లొచ్చాను. మెయిల్‌లో తేలేది కాదని అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మ్యారేజ్ సర్టిఫికెట్, పాత సోషల్ సెక్యూరిటీ కార్డు కాపీ, కొత్త కార్డు, ఫాఫ్సా సబ్మిషన్ సమ్మరీ అన్నీ ఫైల్‌లో పెట్టుకెళ్లాను. ఆయన కూడా వస్తానన్నారు, వద్దన్నాను. ఏడిస్తే ఒంటరిగా ఏడవొచ్చని.

ఆ ఆఫీసర్ రెండు కాయితాలు పక్కపక్కన పెట్టింది. ఫాఫ్సా సంతకం అక్టోబర్ 9. సర్టిఫికెట్ జనవరి 16. పెన్సిల్‌తో రెండు తేదీల కింద గీత గీసి, స్కాన్ చేసి, ఫైల్లో నోట్ రాసుకుంది. 2026-27కి మేము ఏమీ మార్చడం లేదు, సింగిల్‌గానే ఉంటుంది అంది. పేరు ఒక్కటీ సోషల్ సెక్యూరిటీతో కలవాలి కాబట్టి అది సరిచేయమంది. అక్కడే ఫోన్లో చేసేశాను. నేను అనుకున్నట్టు పెళ్లి చేసుకున్నందుకు కాదు, పేరు కలవనందుకు వచ్చిన మెయిల్ అది!

ఇంతలో ఇంకో బెంగ పట్టుకుంది. ఇప్పుడు డిపెండెంట్‌గానే ఉన్నాను కాబట్టి ఆ ఎక్కువ లోన్ రాదు కదా, ఏమైనా దారుందా అని అడిగాను. మీ నాన్నగారు పేరెంట్ ప్లస్ (తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్) లోన్‌కి అప్లై చేసి అది రిజెక్ట్ అయితే మీకు ఇండిపెండెంట్ పరిమితి వరకు ఇస్తాం అంది. రిజెక్ట్ అవ్వాలని దేవుడికి మొక్కుకోవాలన్నమాట. వద్దులెమ్మనుకున్నాను, అప్పు ఇప్పటికే చాలు.

ఎయిడ్‌డెస్క్_తెలుగు
మంచి ఆఫీసర్ దొరికారు. ఇదే కేసు ఇంకో కాలేజీలో మార్పించి ఉండొచ్చు, అది వాళ్ల విచక్షణ. కాబట్టి ఇది చదివేవాళ్లు “సీతాఫలానికి వదిలేశారు కదా” అని వాళ్లతో వాదనకి దిగకండి.

ఆ ఫాల్ 2027 సంగతి అడిగారా? పెల్ సమ్మర్‌లో కూడా ఇస్తారు, తెలుసా? ఫాల్, స్ప్రింగ్‌లలో పూర్తి పెల్ వాడేసినా, సమ్మర్‌లో కనీసం హాఫ్‌టైమ్ చదివితే ఆ ఏడాది అవార్డులో 150 శాతం దాకా తీసుకోవచ్చు. జీవితకాలం పన్నెండు సెమిస్టర్ల పరిమితి ఒకటుంది, అందులోంచి తగ్గుతుంది, మీకు ఇంకా బోలెడుంది. ఆ మూడు కోర్సుల్లో రెండు ఈ సమ్మర్‌లో లాగేస్తే మే 2027కి డిగ్రీ అయిపోవచ్చు. అప్పుడు 2027-28 ఫాఫ్సాతోనే పనిలేదు.

సీతాఫలం
ఆఫీసర్ కూడా సరిగ్గా ఇదే చెప్పింది! అడ్వైజర్‌తో ఇవాళ కూర్చున్నాను. సమ్మర్ రెండో సెషన్‌లో రెండు కోర్సులు, రెండూ ఆన్‌లైన్, ఆరు క్రెడిట్లు. మూడోది స్ప్రింగ్‌లో ఇరికించాం. మే 2027.

చిక్కల్లా ఫైనల్ ఎగ్జామ్ ఆగస్టు మొదటి వారంలో. మూడో వారంలో ముహూర్తం. నేను జులై చివరికే హైదరాబాద్‌లో ఉండాలి, చీరలు, బ్లౌజులు, పసుపు దంచడం అన్నీ అప్పుడే. టెక్సాస్ టైమ్ సాయంత్రం ఆరుకి స్టాటిస్టిక్స్ ఎగ్జామ్ అంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర.

అట్లాంటా_అత్త
నాలుగున్నర బ్రాహ్మీ ముహూర్తం తల్లీ. రాసెయ్.

మిర్చిబజ్జీ
ఎగ్జామ్ అయ్యేదాకా గోరింటాకు పెట్టించుకోకు. ఆ చేతులతో కీబోర్డు ముట్టుకుంటే ల్యాప్‌టాప్ కూడా పెళ్లికూతురవుతుంది.

ఓరుగల్లు_పోరడు
అన్ని మంచిగనే ఉన్నయ్ గని, పెండ్లికి ఈ థ్రెడ్ల ఉన్నోళ్లందరికి పిలుపు ఉందా లేదా?

సీతాఫలం
ఉంది. చదివింపులు మాత్రం అక్టోబర్ దాటాక ఇవ్వండి, ఒకవేళ స్టాటిస్టిక్స్ తప్పితే మళ్లీ ఫాఫ్సా వేయాలి.